స్తంభం మీద మనిషి ఎవరు?

సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు ఉద్యోగం అంటే ఏముంది, స్విచ్ వేయడం, స్విచ్ తీయడం అని ఈమధ్య ఒక కుర్రాడు నా ముందే అన్నాడు. అతను ఆ ఉద్యోగంలో చేరి నెల కాలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారకముందే, కొత్తగా చేరే ఆపరేటర్ల కోసం ఇది రాయడం మొదలుపెట్టాను.

నా పేరు నాగుల్ మీరా. మాది వత్సవాయి. డెబ్బైల మొదట్లో నందిగామలో ఆపరేటరుగా చేరి, తరవాత జగ్గయ్యపేట వైపు వచ్చి, సర్వీసంతా ప్యానెల్ బోర్డు ముందే గడిపాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎవరు అడ్డుపడ్డారో రాయను. అవి వినీ వినీ మా ఇంట్లోవాళ్ళ చెవులు తూట్లు పడ్డాయి, మీ చెవులనైనా బాగుండనివ్వండి. ఉద్యోగం అసలు ఏమిటో, అదొక్కటే చెబుతాను.

స్విచ్ వేయడం ఒక పూటలో వస్తుంది. అసలు పని ఫోనులో ఉంది. సబ్‌స్టేషన్ ఊరి బయట ఉంటుంది. అక్కణ్ణుంచి తలో దిక్కుకీ లైన్లు పోతాయి. ఏ లైను మీద ఏం జరుగుతోందో కూర్చున్నచోటు నుంచి కనిపించదు. అవతల ఎవరో ఒక మాట చెబుతారు. ఆ మాట ఏ ఊరిని చూపిస్తోందో, ఏ మనిషిని చూపిస్తోందో ఇవతల నేను పట్టుకోవాలి. పట్టుకోవడంలో తేడా వస్తే మనిషి ప్రాణం పోతుంది.

పైగా మనవాళ్ళు పేర్లు చెప్పరు. వత్సవాయిలో 'పేటకెళ్ళొస్తా' అంటే జగ్గయ్యపేట. అదే మాట సరిహద్దు దాటి కాస్త పైకి వెళ్ళి అంటే సూర్యాపేట. ముక్త్యాలలో 'ఫ్యాక్టరీ' అంటే సిమెంటు ఫ్యాక్టరీయే, ఏ ఫ్యాక్టరీ అని ఎవరూ అడగరు. మీటరు కాలిపోయిందని ఒకావిడ వస్తే, మీటరు ఎవరి పేరు మీద ఉందమ్మా అని అడిగాను. 'మా ఇంటాయన పేరు మీదేనండి' అని చెప్పి కొంగు చాటున నవ్వుకుంది. భర్త పేరు నోటితో పలకదు. ఆవిడ చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు, ఆవిడకి ఇంటాయన ఒక్కడే. మాకు మాత్రం ఊరంతా ఇంటాయనలే.

మిల్లు దగ్గర తీగ

నందిగామలో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. 'మిల్లు దగ్గర తీగ తెగి పడిందండి, పిల్లలు తిరుగుతున్నారు, కరెంటు ఆపండి' అని ఒక మగ గొంతు. ఏ ఊరు అని అడిగేలోపే పెట్టేశాడు. పరిగెత్తుకెళ్ళి పిల్లల్ని ఆపాలన్న తొందర ఆయనది. మంచి మనిషే.

మా లైన్ల మీద మిల్లు లేని ఊరు లేదు. ఆయన ఊళ్ళో నిలబడి చూస్తే మిల్లు ఒక్కటే, అందుకే ఊరి పేరు చెప్పాలని ఆయనకి తోచలేదు. నేను అన్ని లైన్లూ ఆపేశాను. నందిగామ సినిమా హాల్లో మ్యాట్నీ ఆగిపోయింది. హాలు వాళ్ళు, ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు, తాలూకా ఆఫీసు బంట్రోతు, అందరూ నా మీద పడ్డారు. తీగ ఎక్కడ పడిందో కబురు వచ్చేదాకా నేను కదల్లేదు.

చివరికి తేలిందేమిటంటే అది బియ్యం మిల్లే కాదు, కారం మిల్లు. అవి మిరపకాయలు మర పట్టించుకునే రోజులు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో మిల్లు అంటే కారం మిల్లే. నేను తెలివికి పోయి బియ్యం మిల్లులున్న లైను ఏదో ఊహించి అదొక్కటే ఆపి ఉంటే, తీగలో కరెంటు అలాగే ఉండేది. ఆ రోజు నేను చేసింది ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను. ఆపేటప్పుడు అనుమానం ఉంటే అన్నీ ఆపు, ఇచ్చేటప్పుడు అనుమానం ఉంటే ఒక్కటీ ఇవ్వకు. మీకు ట్రైనింగులో ఇచ్చే లావుపాటి పుస్తకాల్లో ఇంతకంటే పనికొచ్చే మాట ఉంటే నాకు చెప్పండి.

పెద్దాయన వస్తున్నారు

ఇది కూడా నందిగామలోనే. ఒక పొద్దున ఒకావిడ ఫోను చేసి, సాయంత్రం పెద్దాయన వస్తున్నారు, దయచేసి కరెంటు పోకుండా చూడండి అని చెప్పి పెట్టేసింది. ఆ మాట నేను మావాళ్ళకి చెప్పడమే తడవు, సబ్‌స్టేషన్‌లో పెళ్ళి హడావుడి మొదలైంది.

నా జోడీ ఆపరేటరు, బెజవాడ నుంచి పెద్ద ఇంజనీరు గారు తనిఖీకి వస్తున్నారనుకున్నాడు. అతనికి ఆ ముందు వారమే మెమో వచ్చింది. గేటు నుంచి గది దాకా రాళ్ళకి సున్నం వేయించాడు. లైన్‌మన్లు నాయకుడెవరో వస్తున్నాడనుకుని రోడ్డు పక్క చెట్ల కొమ్మలన్నీ కొట్టేశారు. ఎవరి గుండెల్లో ఏ పెద్దాయన ఉంటే ఆయన్నే ఆ మాటలో కూర్చోబెట్టుకున్నారు.

సాయంత్రం వచ్చింది ఆవిడ మామగారు. గుంటూరులో ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వస్తున్నాడు. ఆ ఉక్కలో ఆయనకి ఫ్యాను ఆడాలి, అంతే. కోడలి నోట పెద్దాయన అంటే ఇంకెవరుంటారు? మర్నాడు ఆవిడ సున్నుండలు పంపించింది. సున్నం వేయించినవాడు కోపంతో తినలేదు. అతని వాటా కూడా నేనే తిన్నాను. ఆ ఒక్క రోజు కరెంటు పోకుండా కాపాడింది ఒక జబ్బు మనిషి కోసమని తెలిసి, మంత్రి వచ్చినదానికంటే ఎక్కువ సంతోషించాను కూడా.

రెండు కుర్చీలు

జగ్గయ్యపేట వైపు వచ్చాక మాకు ప్రసాద్ గారని ఒక ఇంజనీరు వచ్చారు. నాకంటే వయసులో చిన్న. నేను చూసిన ఆఫీసర్లలో సగం మంది సంతకానికి తప్ప పనికిరారు. మిగతా సగంలో ఎక్కువ మంది అరుపుకి తప్ప పనికిరారు. ఈయన అలాంటివాడు కాదు. అరవరు, ఊరికే ప్రశ్నలు వేస్తారు.

వచ్చిన మొదటి రోజే నిలబడి, కుర్చీ వెయ్యవయ్యా అన్నారు. వేశాను. కూర్చుని అడిగారు, గదిలో రెండు కుర్చీలున్నాయి, నేను అడిగింది ఇదేనని నీకెలా తెలిసింది అని. రెండోదానికి కాలు ఊగుతోందండి, మీకు అదెందుకు వేస్తాను అన్నాను.

"ఆ కాలు ఊగుతోందని నువ్వు చూశావు కాబట్టి సరిపోయింది. ఫోనులో నీకు కాలు కనిపించదు మీరా. చెప్పేవాడి ముందు ఒక లోకం ఉంటుంది, నీ ముందు ఇంకోటి ఉంటుంది. వాడు కుర్చీ అంటే వాడి కుర్చీ. నీకు తోచిన కుర్చీ కాదు."

అంతే చెప్పారు. నేను నలభై రకాలుగా పడుతూ లేస్తూ నేర్చుకుంటున్నదాన్ని ఆయన ఊగే కాలు పెట్టి చెప్పేశారు. చదువు ఉపయోగపడాల్సింది ఇలాగే కదా అనిపించింది. ఆయన బదిలీ అయి వెళ్ళిన రోజు నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

భద్రయ్య గారి కోపం

ఎనభైల్లో ఒక ఎండాకాలం మొదట్లో జరిగింది ఇది. అప్పుడు మునేటి ఒడ్డున ఉన్న ఒక సబ్‌స్టేషన్‌లో పని చేస్తున్నాను. పెనుగంచిప్రోలు వైపు పల్లెలకి పోయే లైను మీద గాలిదుమారానికి తీగలు పెనవేసుకుని, స్తంభాల మీద తీగల్ని మోసే పింగాణీ గిన్నెలు పగిలిపోయాయి. ముందు రోజు నుంచి కరెంటు లేదు. మోటార్ల కింద రెండో పంటగా వేసిన దాళ్వా వరి పొట్ట మీద ఉంది, వెన్ను తీయబోతోంది. ఆ సమయంలో తడి ఆగితే గింజ తాలు పోతుంది. రైతుకి అది కడుపు మీద దెబ్బ.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. లైను మీద పని చేయాల్సినవాడు ముందు మాకు ఫోను చేసి కరెంటు ఆపమంటాడు. మేము ఆపి, ఆపామని అతనికి మాటిస్తాం. దాన్ని లైన్ క్లియర్ అంటారు. ఇక ఆ లైను అతని సొత్తు. పని అయింది, మనుషులు దిగారు అని మళ్ళీ అతను చెప్పాకే మేము కరెంటు వేయాలి. చెప్పాక ఆలస్యం చేస్తే మాది తప్పు. ఆ రోజు లైన్ క్లియర్ తీసుకున్నది లైన్ ఇన్‌స్పెక్టరు రామకోటయ్య గారు. మా అందరికంటే పాతకాపు. స్తంభం వాలు చూసి ఎక్కడ తెగుతుందో చెప్పగల మనిషి. ఆయన కింద పని చేసే లైన్‌మన్ ఏసోబు స్తంభం ఎక్కాడు.

మధ్యాహ్నానికి రైతులు సబ్‌స్టేషన్ మీదికి వచ్చారు. వాళ్ళ ముందు భద్రయ్య గారు. మంచి భూవసతి ఉన్న మనిషి, అంతకంటే మంచి గొంతు ఉంది. గేటు తోసుకుని గదిలోకే వచ్చేశారు. ఫ్యాను కింద కూర్చున్న నీకు పొట్ట మీదున్న వరి బాధ ఏం తెలుసురా అన్నారు. నన్ను ఏరా అన్నందుకు కోపం రాలేదు. మా అన్న కాశిం పొలంలోనూ అదే వరి ఎండుతోంది. ఆ మాట ఆయనకి చెప్పినా వినే స్థితిలో లేరు.

అప్పుడు ఫోను మోగింది. పల్లెలో పంచాయతీ ఆఫీసు నుంచి రామకోటయ్య గారు.

"పైనున్న మనిషి దిగాడు మీరా. లైను ఇచ్చెయ్."

నా ఎదురుగా నిలబడ్డ భద్రయ్య గారి ముఖం వెలిగింది. ఫోనులో మాట ఆయనకీ వినపడింది. రూలు ప్రకారం నేను లేచి హ్యాండిలు వేసేయాలి. కానీ ఆ మాట నాకు గొంతు దిగలేదు. 'పైనున్న మనిషి' అన్నారు. ఒక్కడే ఉన్నట్టు అన్నారు. పంచాయతీ ఆఫీసు దగ్గర నిలబడి చూస్తే ఒక్కడే. ఆ లైను మాత్రం పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగదు, చెలకల మీదుగా చాలా దూరం పోతుంది.

మన మెట్ట రైతులకి ఒక అలవాటు ఉంది. నేనూ వాళ్ళింట్లో పుట్టినవాణ్ణే కాబట్టి నాకు తెలుసు. లైను ఆగిందని తెలిస్తే, పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద సొంత పని ఉన్నవాడు ఇదే అదనని ఎక్కేస్తాడు. కాలిపోయిన ఫీజు తీగ తీసి కొత్తది కట్టుకుంటాడు, వదులైన బోల్టు బిగించుకుంటాడు. లైన్‌మన్ని పిలిస్తే ఎప్పుడొస్తాడో తెలియదు, కరెంటు ఉన్నప్పుడు ఎక్కలేడు. మా అన్న అలా ఎక్కినప్పుడు మా అమ్మ దిమ్మె కింద నిలబడి అల్లాని తలుచుకుంటూ ఉండేది. అలా ఎక్కినవాడు ఎవరి లెక్కలోకీ రాడు. వాణ్ణి ఎక్కించింది మేము కాదు కదా.

దిగింది ఎవరండీ అని అడిగాను. ఏసోబు, ఇంకెవరు అన్నారు రామకోటయ్య గారు. దిమ్మెల మీద ఇంకెవరూ లేరని చూశారా అని అడిగాను. ఆయనకి కోపం వచ్చింది. తను ఎక్కించింది ఒక్కణ్ణని, ఆ ఒక్కడూ దిగాడని, తన సర్వీసంత వయసు లేనివాడు తనకి పని నేర్పక్కర్లేదని గట్టిగానే అన్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన చూసిన మేరకు ప్రతి ముక్కా నిజం. ఒక్క నిమిషం ఉండండి అని ఫోను బల్ల మీద పెట్టాను.

అది చూసి రైతులు గోల చేశారు. మీ ఊళ్ళో దిమ్మెల దగ్గర ఎవరైనా ఉన్నారా అని అందరినీ అడిగాను. భద్రయ్య గారు బల్ల మీద గుద్దారు.

"మా దిమ్మె దగ్గర మా సీను ఉన్నాడు. నువ్వు కరెంటిస్తే మోటారేస్తాడు. వాడితో నీకేంటి పని?"

"మోటారు దగ్గరున్నాడా, దిమ్మె దగ్గరున్నాడా అండి?"

"దిమ్మె దగ్గరే. ఫీజు కట్టమని పొద్దున నేనే చెప్పొచ్చా..."

మాట అక్కడ ఆగిపోయింది. ఆయన చెయ్యి బల్ల మీద అలాగే ఉండిపోయింది.

ఆయన బుర్ర తక్కువవాడేం కాదు. స్తంభం మీద మనిషి అంటే ఆయనకి కరెంటు మనిషి. సీను అంటే కొడుకు, పెళ్ళయి ఏడాది తిరగనివాడు, పొలంలో ఉన్నాడు. ఆ ఇద్దరూ ఒకే తీగ కింద ఉండొచ్చని ఆ క్షణం దాకా ఆయనకి తట్టలేదు. ఆయన పొద్దున నుంచీ అరుస్తున్నది తన కొడుకు చేతిలో ఉన్న తీగలోకి కరెంటు వదలమని.

అబ్బాయి పూర్తి పేరేమిటో, వాళ్ళ దిమ్మె ఏ పొలంలో ఉందో భద్రయ్య గారిని అడిగి, ఫోను తీసుకుని రామకోటయ్య గారికి చెప్పాను. భద్రయ్య గారి అబ్బాయి శ్రీనివాసరావు ఎర్రచెలక దిమ్మె మీద ఉండొచ్చు అన్నాను. అవతల ఎవరినో సైకిలు తెమ్మని కేక వేయడం, ఆ వెంటనే ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించాయి.

అప్పుడు భద్రయ్య గారు ఏం చేశారో రాస్తే మీరు నమ్మకపోవచ్చు. వెళ్ళి ప్యానెల్ బోర్డుకి వీపు ఆనించి, హ్యాండిలుకి అడ్డంగా నిలబడ్డారు. నన్ను కూడా దగ్గరికి రానివ్వలేదు. వెయ్యనండి, మీరు కూర్చోండి అని నేను చెప్పినా వినలేదు. ఆయనతో వచ్చినవాళ్ళలో ఒకడు ఇంకా ఎంతసేపండీ అని గొణిగితే, ఆయన చూసిన చూపుకి వాడు బయటికి వెళ్ళిపోయాడు. నేను కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాను. గ్లాసు అందుకోవడానికి కూడా హ్యాండిలు ముందు నుంచి చెయ్యి తీయలేదు. నేనే తాగించాను.

ఆ సమయంలో నాకు భయం లేదని చెప్పను. సీను అక్కడ లేకపోతే, ఎప్పుడో దిగి మోటారు పక్కన నిద్రపోతుంటే, రామకోటయ్య గారు నన్ను బతకనివ్వరు. అయినా లైను నా చేతిలో ఉంది, వెయ్యలేదు, అది చాలు అనుకున్నాను.

ఫోను మోగింది. రామకోటయ్య గారు ఆయాసపడుతున్నారు. ఈసారి ఆయన లైను ఇవ్వు అనలేదు.

"నేను రామకోటయ్యని. లైన్‌మన్ ఏసోబు దిగి నా పక్కనున్నాడు. భద్రయ్య గారబ్బాయి శ్రీనివాసరావుని ఎర్రచెలక దిమ్మె మీంచి దింపుకొచ్చా, వీడూ నా పక్కనున్నాడు. ఈ లైను మీద మిగతా దిమ్మెలన్నిటికీ మనుషుల్ని పంపి చూపించా. ఖాళీ."

ఆ తరవాత గొంతు తగ్గించి, మంచి పని చేశావయ్యా అన్నారు. రామకోటయ్య గారి నోటి నుంచి ఆ మాట విన్న ఆపరేటరు ఇంకొకడు లేడు. నాకు ఏ అవార్డు ఇచ్చినా దాని ముందు దిగదుడుపే. ఆ తరవాత ఆయన లైను తిరిగి అప్పగించినప్పుడల్లా ఎవరెవరు ఎక్కడెక్కడ దిగారో పేర్లతోనే చెప్పేవారు, తన కింది వాళ్ళ చేత కూడా అలాగే చెప్పించేవారు. మీరు ఇప్పుడు సెల్‌ఫోనులో 'అందరూ దిగారు సార్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఆ అందరూ ఎవరెవరో చెప్పేదాకా ఆ మాటకి అర్థం లేదు. మొహమాటపడకుండా అడగండి. తిడితే తిట్లు పడండి.

నా చేతి మీదుగా కరెంటు వేసి ఒక్క మనిషి ప్రాణం తీయలేదు. గర్వం అనుకుంటే గర్వమే. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆ కుర్చీలో కూర్చుని ఈ మాట చెప్పగలిగినవాడికి ఆ మాత్రం గర్వం ఉండాలి.

ఆ రోజు రామకోటయ్య గారు, అబ్బాయికి ఫోను ఇస్తున్నా, వాళ్ళ నాన్నకివ్వు అన్నారు. ఫోను తీగ ప్యానెల్ దాకా అందదు. హ్యాండిలు వదిలి రాక తప్పదు భద్రయ్య గారికి. నా ముఖంలోకి చూశారు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని చూపించాను. అప్పుడు వచ్చి ఫోను అందుకున్నారు.

ఎక్కడున్నావురా అని అడిగారు. ఏం చెప్పాడో, మళ్ళీ అదే అడిగారు. మూడోసారి కూడా అదే. తరవాత ఫోను చెవి దగ్గర్నుంచి తీయకుండానే నా వైపు తిరిగారు.

"వెయ్యండి మీరా గారూ. వాడు నాతో మాట్లాడతా ఉండగానే వెయ్యండి."

నేను వెళ్ళి హ్యాండిలు పట్టుకున్నాను. వెనక ఆయన కొడుకుతో, ఏదో ఒకటి మాట్లాడరా, ఆపకు, ఏదో ఒకటి మాట్లాడతానే ఉండు అంటున్నారు. లైను ఇచ్చాను.